మెస్ మూసిన మర్నాడు కాకులెక్కడికి పోతాయి?



మధ్యాహ్నం రెండింటికి హాస్టల్ మెస్ వెనక గోడ దగ్గర ఎవరెవరు చేరతారో అక్కడుండే ఏ విద్యార్థినడిగినా చెబుతారు. కాకులు వస్తాయి, గోరింకలు వస్తాయి, రెండు మూడు కుక్కలు ఎవరి హద్దులో అవి కూర్చుంటాయి, గోడ మీద పిల్లి ఒకటి అన్నిటికేసీ చూస్తూ ఉంటుంది. చీకటి పడ్డాక పందికొక్కుల వంతు. ఏప్రిల్ నెలాఖరుకో మే మొదటివారానికో పరీక్షలు అయిపోతాయి. పిల్లలు పెట్టెలు సర్దుకుని ఊళ్లకు పోతారు, మెస్‌కు తాళం పడుతుంది. ఆ మర్నాటి నుంచి ఆ కాకులు ఏం తింటాయి? సరిగ్గా అవి గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచే రోజులు కదా అవి! కాకి గూట్లో గుడ్డు పెట్టి చేతులు దులుపుకునే కోయిల సంగతేమిటి? వినడానికి ఇది చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటుంది గానీ, మీ కాలేజీ విషయంలో దీనికి జవాబు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. ఎవరో ఒకరు గోడ దగ్గర నిలబడి రోజూ ఒకే వేళకు లెక్క రాసుకుంటే తప్ప తెలియదు. కళాశాల ఆవరణల్లో విద్యార్థులు చేసే పరిశోధనకు ఇలాంటి ప్రశ్నలే ఆయువుపట్టు కావాలని ఈ ప్రసంగంలో నా వాదన. ఎన్ని చెట్లున్నాయి, ఎన్ని పిట్టలున్నాయి అన్న లెక్క అవసరమే. అయితే ఆ చెట్లకూ పిట్టలకూ అక్కడి మనుషులతో ఉన్న సంబంధం ఏమిటన్నది కాలేజీలో తెలిసినంత తేలికగా, అంత ఖచ్చితంగా ఇంకెక్కడా తెలియదు.

ఇప్పుడు మనం చేస్తున్నదేమిటో ముందు చూద్దాం. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా బోధించాలని చెప్పింది. ఆ తీర్పు అమలులో భాగంగా డిగ్రీ చదివే వాళ్లందరికీ, చరిత్ర చదివినా కామర్స్ చదివినా సరే, ఆరు నెలల పాఠ్యక్రమాన్ని యూజీసీ తయారుచేసింది. అందులో రాతపరీక్షకు 75 మార్కులు, క్షేత్రపరిశీలనకు 25. దగ్గర్లోని చెరువునో గుట్టనో చూడమని, చుట్టుపక్కల మొక్కల్నీ పురుగుల్నీ పిట్టల్నీ గమనించమని ఆ పాతిక మార్కుల ఉద్దేశం. రాసినవాళ్లు మంచి బుద్ధితోనే రాశారు. ఆచరణలో ఆ పాతిక మార్కులు ఏమయ్యాయో చాలామందికి తెలిసిందే: గతేడాది రికార్డు చూసి ఈ ఏడాది రికార్డు, అట్టకు గోధుమరంగు కాగితం, లోపల ఇంటర్నెట్‌లోంచి తీసిన పులి బొమ్మ. కాలేజీలో పులి లేదు గనక పరిశీలన కూడా లేకుండా పోయింది. దీనికి తోడు న్యాక్ బృందం వస్తుందంటే గ్రీన్ ఆడిట్ పేరిట చెట్ల పట్టిక ఒకటి తయారవుతుంది. అందులో వేపకూ ఒకటే గీత, కోనోకార్పస్‌కూ ఒకటే గీత. తెలంగాణ హరితహారం పథకంలో విరివిగా నాటి, తర్వాత వద్దనుకున్న ఆ కోనోకార్పస్ మీద ఏ పిట్ట గూడు కట్టింది, దాని ఆకును ఏ పురుగు తిన్నది, దాని నీడన ఎవరు కూర్చున్నారు అనే గడి మాత్రం ఆ పట్టికలో ఉండదు.

అడవిని చదవాలంటే మనిషిని పక్కకు పెట్టి చదవడం శాస్త్రానికి అలవాటు. నగరాన్ని చదవాలంటే మనుషులు మరీ ఎక్కువై ఏది ఎందుకు జరిగిందో విడదీయలేం. ఈ రెంటికీ మధ్య కాలేజీ ఒక వింత చోటు. దానికో ప్రహరీ, గేటు, గేటు దగ్గర వచ్చిపోయేవాళ్ల రిజిస్టరు ఉంటాయి. ఎంతమంది ఉంటున్నారో హాజరుపట్టీ చెబుతుంది, ఎన్ని కిలోల బియ్యం వండారో మెస్ ఖాతా చెబుతుంది, ఏ తేదీన గడ్డి కోయించారో ఏ తేదీన దోమల మందు కొట్టించారో బిల్లులు చెబుతాయి. అన్నిటికన్నా విలువైనది అకడమిక్ క్యాలెండర్. ఒక కారణం వల్ల ఏం జరుగుతోందో తెలియాలంటే ఆ కారణాన్ని కాసేపు ఆపి చూడాలి. ఊళ్లో జనం అన్నం పారవేయడం ఏ శాస్త్రవేత్తా ఆపలేడు. కాలేజీలో మాత్రం ప్రిన్సిపాల్‌గారి సంతకంతో ఏటా రెండు మూడుసార్లు అది ఆగిపోతుంది, ఆగే తేదీ కూడా నెలల ముందే నోటీసు బోర్డుకెక్కుతుంది. పైసా ఖర్చు లేకుండా అమరిన ప్రయోగం ఇది. ‘మే నెలలో మెస్ మూతపడటంతో పాటు ఎండలూ ముదురుతాయి కదా, కాకులు తగ్గింది తిండి లేకనా నీళ్లు లేకనా అని ఎలా చెబుతారు?’ అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మన పండుగల్లోనే ఉంది. దసరాకు మెస్ మూస్తారు, అప్పుడు ఎండ లేదు, వానల పచ్చదనం ఇంకా పోలేదు. సంక్రాంతికి మూస్తారు, అప్పుడు చలి. ఈ మూడు సెలవుల్లోనూ కాకులు ఒకేలా తగ్గితే కారణం మెతుకులేనని గట్టిగా అనవచ్చు, వేసవిలోనే తగ్గితే ఎండను అనుమానించాలి. పైగా తెలంగాణలో దసరా సెలవులు ఎక్కువ, ఆంధ్రలో సంక్రాంతి సెలవులు ఎక్కువ. రెండు రాష్ట్రాల్లో చెరో కాలేజీ ఒకే పద్ధతిలో లెక్క రాస్తే పోలిక దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

ఇదంతా ఊహలో బాగుంటుంది గానీ ఎక్కడైనా ఫలితం వచ్చిందా అంటే, వచ్చింది. అమెరికాలో జంకో అనే పిచ్చుకంత పిట్ట ఉంది. దక్షిణ కాలిఫోర్నియాలో అది మామూలుగా కొండల్లో గూడు కట్టుకుంటుంది. 1980ల తొలి ఏళ్లలో ఆ పిట్టలు కొన్ని శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆవరణలో స్థిరపడిపోయాయి. సముద్రపు గాలి, ఏడాదంతా తడిపే పచ్చిక బయళ్లు, ఎటు చూసినా విద్యార్థులు. ఆ పిట్టల్ని పమేలా యే అనే పరిశోధకురాలు చదివారు. కొన్ని తరాల్లోనే వాటి తోకలో తెలుపు కొండ పిట్టల కంటే తగ్గింది, గూళ్లు కట్టే కాలం పొడవైంది. తర్వాత లాస్ ఏంజిలిస్ క్యాంపస్‌లో జరిగిన పని మరీ ఆసక్తికరం. అక్కడి జంకోల ముక్కులు అడవి జంకోల ముక్కుల కంటే పొట్టిగా ఉండేవి. కోవిడ్ వల్ల క్యాంపస్ ఖాళీ అయిన తర్వాత, 2021, 2022లలో పుట్టిన పిట్టల ముక్కులు అడవి పిట్టల ముక్కుల్లా తయారయ్యాయి. విద్యార్థులు తిరిగివచ్చి డబ్బాలు విప్పి తినడం మొదలయ్యాక కొద్ది ఏళ్లలోనే ముక్కులు మళ్లీ పాత తీరుకు వచ్చాయి. మనుషులు పారేసిన తిండే కారణమై ఉంటుందని పరిశోధకుల అంచనా. అంచనా అన్న మాట ఇక్కడ వదిలిపెట్టకూడదు. ముక్కు మారిందన్నది కొలత, ఎందుకు మారిందన్నది ఇంకా వాదన. అయినా ఒక పిట్ట ముక్కు కొలతలో మనిషి రాకపోకలు కనిపించాయంటే, అది కనిపించడానికి కాలేజీ లాంటి చోటే కావలసివచ్చింది. అడవిలో లాక్‌డౌన్ ఏమిటి? మహానగరంలో ఎవరెప్పుడు వెళ్లారో, ఎవరెప్పుడు వచ్చారో తేదీలతో చెప్పేదెవరు?

మనిషి వల్ల ప్రకృతికి ఏమవుతుందన్నది ఒక దారి. ప్రకృతి వల్ల మనిషికి ఏమవుతుందన్నది ఇంకో దారి, దానికీ కాలేజీలు ప్రయోగశాలలయ్యాయి. 1995లో టెనెసెన్, సింప్రిచ్ అనే ఇద్దరు అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ హాస్టల్ గదుల్లో ఉన్న 72 మంది విద్యార్థుల్ని పరీక్షించారు. కిటికీలోంచి చూస్తే చెట్లూ నీళ్లూ కనిపించే గదులు కొన్ని, గోడలే కనిపించేవి కొన్ని, మధ్యరకానివి కొన్ని. పచ్చదనం కనిపించే గదులవాళ్లు ఏకాగ్రత పరీక్షల్లో మెరుగ్గా చేశారు. చదువుకునే పిల్లల తల్లిదండ్రులకు ఇంతకంటే తీపి కబురు ఉండదు. కాని అదే పరిశోధన మన హాస్టల్లో చేయబోయే విద్యార్థి ఒక క్షణం ఆగాలి. మన దగ్గర గదులు ఎవరికెలా ఇస్తారు? కొన్నిచోట్ల ర్యాంకును బట్టి, కొన్నిచోట్ల సీనియారిటీని బట్టి, కొన్నిచోట్ల వార్డెన్‌గారి దయను బట్టి. చెట్టు కనిపించే మూలగది సీనియర్‌కో ఎక్కువ మార్కులవాడికో దక్కితే, ఏకాగ్రతకు కారణం చెట్టా, వాడికి ముందే ఉన్న తెలివా? చీటీలు తీసి గదులిచ్చే హాస్టల్ ఎక్కడైనా ఉంటే అక్కడ చేసిన పరిశీలనకు విలువ పదింతలు పెరుగుతుంది. పరిశోధన అంటే ఏమిటో ఒక విద్యార్థికి తెలియడానికి ఈ ఒక్క అనుమానం చాలు. గణాంకశాస్త్రం తరగతిలో నెలరోజులు చెప్పినా ఎక్కనిది హాస్టల్ గదుల కేటాయింపు జాబితా చూస్తే ఎక్కుతుంది.

‘ఇవన్నీ డబ్బున్న దేశాల ముచ్చట్లు, మన డిగ్రీ కాలేజీల్లో మైక్రోస్కోపుకే దిక్కులేదు’ అనే మాట వెంటనే వస్తుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదాగ్కర్ చేసిన పనిని ఆ మాటకు ఎదురుగా పెట్టాలి. ఆయన దశాబ్దాలపాటు చదివింది రోపలీడియా మార్జినేటా అనే కందిరీగను. కిటికీ రెక్కల కిందా చూరుల కిందా కాగితం లాంటి గూడు కడుతుంది, మనం చీపురు తిరగేసి కొట్టేస్తాం చూడండి, ఆ బాపతుది. ఒక్కో కందిరీగ వీపు మీద రంగు చుక్కలు పెట్టి, ఏది ఏం చేస్తోందో గంటల తరబడి చూసి రాసుకోవడమే ఆ పనికి పునాది. ఆ చూపు వల్ల తెలిసినదేమిటంటే, ఈ కందిరీగల రాణి మిగతా రాణుల్లా దౌర్జన్యం చేసేది కాదు, సాధువు. రాణిని తీసేస్తే మాత్రం కూలీల్లో ఒకటి ఒక్కసారిగా కోపిష్టిగా మారి అందరి మీదా పడుతుంది; కొన్నాళ్లకు గుడ్లు పెట్టడం మొదలెట్టి అదీ సాధువైపోతుంది. ప్రపంచమంతా చదివిన ఈ ఫలితాలకు ముడిసరుకు దక్షిణ భారతంలో ఏ కాలేజీ వరండాలోనైనా దొరికేదే. తక్కువ ఖర్చుతో అగ్రశ్రేణి పరిశోధన చేయవచ్చన్నది గదాగ్కర్ ఎప్పుడూ చెప్పే మాట. 2021లో వచ్చిన ఆయన పుస్తకం పేరులోనే ఆ సంగతి ఉంది. అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. రంగు చుక్క చవక, ఓపిక చవక కాదు. సెమిస్టరు పరీక్షల మధ్య నలిగే విద్యార్థికి కందిరీగ ముందు రోజుకు రెండు గంటలు కూర్చోమంటే, ఆ రెండు గంటలకు టైంటేబుల్లో చోటు ఇవ్వాల్సింది కాలేజీ. ఇప్పుడా చోటు లేదనలేం. తెలంగాణలో కళాశాల విద్యాశాఖ నడిపే జిజ్ఞాస స్టూడెంట్ ప్రాజెక్టులున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుంది. గిన్నె ఉంది, అందులో ఏం వండుతామన్నదే మిగిలింది.

విద్యార్థులు రాసే లెక్కలు నమ్మదగ్గవేనా అన్నది ఇంతకంటే బరువైన అభ్యంతరం. జెముడుకాకిని చూసి కాకి అని రాస్తారు, ఆడకోయిలను చూసి ఇంకేదో అనుకుంటారు, మార్కుల కోసం లేని పిట్టను ఉన్నట్టు రాసేవాళ్లూ ఉంటారు. ఇవన్నీ నిజమే. కాని తప్పు చేయడం ఒకటి, ఎంత తప్పు చేశామో తెలియకపోవడం ఇంకొకటి. ఇద్దరు విద్యార్థులు ఒకే దారిన ఒకే వేళకు నడుస్తూ, ఒకరి పుస్తకం ఒకరికి చూపకుండా విడివిడిగా లెక్క రాస్తే, ఇద్దరికీ కనిపించినవెన్ని, ఒకరికే కనిపించినవెన్ని అన్నదాన్నిబట్టి ఇద్దరికీ కనిపించకుండా పోయినవి ఎన్ని ఉంటాయో అంచనా కట్టే పద్ధతి ఉంది. పేరుమోసిన పక్షిశాస్త్రజ్ఞులూ అదే చేస్తారు, ఎందుకంటే వాళ్ల కళ్లూ తప్పు చేస్తాయి. ఇక ఈ-బర్డ్ లాంటి వేదికల్లో అసాధారణమైన పిట్ట పేరు నమోదైతే ఆ ప్రాంతం తెలిసిన సమీక్షకులు ఫొటో చూపమని అడుగుతారు. విద్యార్థుల పని అని చప్పరించేవారికి ఇంకో సంగతి: ప్రపంచంలో కోట్లాది మొక్కల, జంతువుల ఫొటోలు చేరిన ఐనాచురలిస్ట్ 2008లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో ముగ్గురు విద్యార్థులు మాస్టర్స్ డిగ్రీ కోసం చేసిన ఆఖరి ప్రాజెక్టు. గోధుమరంగు అట్ట వేసి బీరువాలో పెట్టి ఉంటే అదీ అక్కడే ఉండేది.

‘సరే, ఒక కాలేజీలో తెలిసింది ఆ కాలేజీకే కదా, దానివల్ల లోకానికేం తెలుస్తుంది?’ ఈ ప్రశ్నలో సగం నిజముంది. కాలేజీ విద్యార్థుల్ని పరీక్షించి ‘మనిషి ఇంతే’ అని తేల్చేయడం మనస్తత్వశాస్త్రానికి ఎంత చెడ్డ అలవాటో 2010లో హెన్రిక్ అనే పరిశోధకుడు, అతని సహచరులు చూపించారు. పచ్చదనం చూస్తే మనసు తేలికపడుతుందని హాస్టల్ కుర్రాడు చెప్పిన మాటను ఎండలో కలుపు తీసే మనిషికి అంటగట్టలేం. పచ్చదనం ఆమెకు పని. అందుకని ఒక్క క్యాంపస్ నుంచి ఒక్క సూత్రం లాగడం మానేసి, ఒకే పద్ధతిని పదిచోట్ల వాడాలి. మన దేశంలో 2015 నుంచి ఏటా ఫిబ్రవరిలో నాలుగురోజులు క్యాంపస్ బర్డ్ కౌంట్ జరుగుతోంది. కనీసం పావుగంట నిలబడి కనిపించినవన్నీ రాయాలన్న నియమం ఒకటే అందరికీ. ఒకే చెట్టును పదేపదే చూసి ఎప్పుడు చిగిర్చింది ఎప్పుడు పూసింది రాసే సీజన్‌వాచ్ కూడా ఉంది. వీటికీ లోటుంది. ఫిబ్రవరిలో మాత్రమే చూస్తే చలికాలపు వలసపిట్టలు కనిపిస్తాయి గానీ మెస్ మూసిన మే నెల కనిపించదు. పైగా ఈ జాబితాల్లో మనుషులకు గడి లేదు. ఆ రోజు కాలేజీలో ఎందరున్నారు, పెళ్లి ఊరేగింపు పోయిందా, గడ్డి కాల్చారా అన్నది ఎవరూ రాయరు. ఆ రెండో గడిని మన విద్యార్థులు కలపవచ్చు, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అసలు ఇబ్బంది డబ్బులోనూ లేదు, నమ్మకంలోనూ లేదు. మూడేళ్లకు విద్యార్థి వెళ్లిపోతాడు, నోటుపుస్తకం వాడితో పోతుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వైథమ్ అనే అడవి ఉంది. అక్కడ డేవిడ్ లాక్ 1947లో కొయ్యపెట్టెల్లో గూళ్లు కట్టే గ్రేట్ టిట్ పిట్టల లెక్క మొదలుపెట్టారు. ఆ మరుసటి ఏడు నుంచి విశ్వవిద్యాలయ మ్యూజియం గోపురంలో స్విఫ్ట్ పిట్టల్నీ చూడటం మొదలైంది. ఆయన పోయారు, ఆయన విద్యార్థులు రిటైరయ్యారు, లెక్క ఇంకా సాగుతోంది. ఆ గ్రేట్ టిట్ పిట్టలు ఇప్పుడు అరవై ఏళ్ల కిందటికంటే రెండు మూడు వారాలు ముందే గుడ్లు పెడుతున్నాయని చెప్పగలుగుతున్నారంటే, అది ఏ ఒక్కరి తెలివీ కాదు, చేతులు మారిన రిజిస్టరు. మనకు రిజిస్టర్లు నిలబెట్టడం రాదని అనగలమా? స్టాకు రిజిస్టరు, మూవ్‌మెంట్ రిజిస్టరు, క్యాష్‌బుక్ ఏ ప్రభుత్వ కాలేజీలోనైనా ముప్పయ్యేళ్లవి దొరుకుతాయి, వాటి మీద ఆడిట్ అభ్యంతరాలతో సహా. వాటి పక్కన ఇంకొకటి పెట్టడమే. చెట్టుకో పేజీ, నెలకో వరుస. ఒక మనిషి పట్టుదలతో ఎంత జరుగుతుందో జడ్చర్లలోని డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కళాశాల చూపిస్తుంది. వృక్షశాస్త్ర అధ్యాపకులు సదాశివయ్య విద్యార్థులతో కలిసి అక్కడ తెలంగాణ బొటానికల్ గార్డెన్‌ను పెంచారు. ప్రభుత్వ కాలేజీలో అధ్యాపకులకు బదిలీలుంటాయి. తోటకు బదిలీ లేదు, రిజిస్టరుకూ ఉండకూడదు.

కాలేజీలో ‘మనుషులు’ అంటే విద్యార్థులు, అధ్యాపకులు అని రాసేయడం మన ప్రాజెక్టుల్లో ఇంకో పొరపాటు. తెల్లవారుజామున నాలుగున్నరకు ఆవరణ ఊడ్చే మనిషి, రాత్రంతా గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్, తోటమాలి, ప్రహరీ పగులులోంచి మేకల్ని తోలుకొచ్చే పక్కూరివాళ్లు, ఎండుపుల్లలు ఏరుకునే ఆడవాళ్లు, సీతాఫలాల కాలంలో వచ్చే పిల్లలు: ఆవరణ గురించి ఎక్కువ తెలిసినది వీళ్లకే. జెర్రిపోతు ఏ డ్రైనేజీ గొట్టంలో ఉంటుందో జువాలజీ శాఖకు తెలియకపోవచ్చు, తోటమాలికి తెలుస్తుంది. వీళ్లను అడిగి తెలుసుకోవడం పరిశోధనే, అయితే జాగ్రత్తగా చేయాల్సిన పరిశోధన. పుల్లలు ఏరుకునేవాళ్ల పేర్లూ వేళలూ ప్రాజెక్టు రిపోర్టులో రాస్తే మర్నాడు సెక్యూరిటీవాళ్లు ఆ పగులు పూడ్పించేస్తారు. చదువు పేరు చెప్పి ఒకరి వంటచెరకు పోగొట్టడం అవుతుంది. ప్రాణుల విషయంలోనూ అంతే. నక్షత్ర తాబేలు ఏ పొద కింద కనిపించిందో ఫొటోతో, లొకేషన్‌తో పెడితే మొదట చూసేది దొంగ వ్యాపారే. ఆ తాబేలుకు 2019లో అంతర్జాతీయ వ్యాపార నిషేధమూ, 2022 సవరణతో మన వన్యప్రాణి చట్టంలో అత్యున్నత రక్షణా వచ్చాయంటే దానికున్న గిరాకీ అలాంటిది. తెలుసుకున్నదాంట్లో ఏది దాచాలో కూడా పరిశోధకుడు నేర్చుకోవాలి.

ఇక రాసిపెట్టిన లెక్క ఎప్పుడు అక్కరకొస్తుందో తెలియడానికి హైదరాబాద్ విశ్వవిద్యాలయం సంగతి చూద్దాం. 1974లో ఏర్పడ్డ ఆ విశ్వవిద్యాలయం రెండువేల ఎకరాల పైచిలుకు రాళ్లగుట్టల మధ్య ఉంది. అక్కడి విద్యార్థులూ పక్షిప్రేమికులూ ఏళ్ల తరబడి రాసిన జాబితాల్లో పిట్టలు రెండువందల రకాలు దాటాయి. అక్కడ దొరికిన ఒక సాలీడుకు 2010లో మురీసియా హైదరాబాదెన్సిస్ అని పేరు పెట్టారు. విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు తనవేనన్నది రాష్ట్ర ప్రభుత్వ వాదన; 2004లో ఒక సంస్థకిచ్చి 2006లో రద్దుచేసి, కోర్టుల్లో గెలుచుకున్న భూమి అది. 2025 మార్చి ఆఖరున అక్కడికి యంత్రాలు వచ్చాయి, విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అప్పటికే సుమారు 100 ఎకరాలు చదునైందని కోర్టుకు నివేదిక వెళ్లింది. ‘ఇదిగో, క్యాంపస్ పరిశోధన అంటే చివరికి ఆందోళనే’ అని పెదవి విరిచినవాళ్లున్నారు. నాకు దీంట్లో కనిపించేది వేరు. గొడవ మొదలయ్యాక వచ్చిన ప్రతి ఫొటో మీదా అనుమానమే; కృత్రిమ మేధతో చేసిన బొమ్మలు ప్రచారం చేస్తున్నారని ప్రభుత్వం కేసుల దాకా వెళ్లింది. గొడవకు పదేళ్ల ముందు, ఎవరితోనూ తగవు లేని ఒక ఆదివారం పొద్దున రాసిపెట్టిన పిట్టల జాబితాకు ఆ మచ్చ అంటదు. భూమి ఎవరిదో ఆ జాబితా చెప్పలేదు, చెప్పకూడదు కూడా. అక్కడ ఏముందో మాత్రం చెబుతుంది. ఏమీ లేని చోటు అని ఎవరైనా అంటే చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

కాగితం లేకపోతే ఏమవుతుందో కుక్కల విషయంలో చూడవచ్చు. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి చోట్ల నుంచి వీధికుక్కల్ని తరలించాలని, పట్టినచోటికే తిరిగి తెచ్చి వదలకూడదని ఆదేశించింది. కుక్కకాటు భయం ఉత్తిది కాదు, పసివాళ్లు చనిపోతున్నారు. జింకలున్న మద్రాస్ ఐఐటీ వంటి ఆవరణల్లో కుక్కల సమస్య అంతకుముందే హైకోర్టు దాకా వెళ్లింది. ఈ ఆదేశం మంచిదా చెడ్డదా అన్న వాదన చాలాచోట్ల విన్నాం. మన కాలేజీల్లో అసలు ఎన్ని కుక్కలున్నాయి, ఎందరిని కరిచాయి, ఏ వేళ, ఏ మూల, వాటికి తిండి పెడుతున్నదెవరు అన్న లెక్క ఎన్ని చోట్ల ఉంది? కుక్కలు పోయాక ఆ మెతుకుల దగ్గరికి ఎవరు వస్తారు, పందికొక్కులా, పిల్లులా, కోతులా? తరలింపుకు ముందు మూడు నెలల లెక్క, తర్వాత మూడు నెలల లెక్క ఉంటే ఒక జువాలజీ విద్యార్థి, ఒక సోషియాలజీ విద్యార్థి కలిసి కోర్టుకూ మున్సిపాలిటీకీ పనికొచ్చే నివేదిక ఇవ్వగలరు. ముందు లెక్క రాయనిచోట తర్వాతి లెక్కకు అర్థమే లేదు.

మెస్ వెనక గోడ దగ్గర మొదలుపెట్టాలంటే కావలసింది ఒక రూళ్ల పుస్తకం, ఇద్దరు మనుషులు, ఒక గడియారం. మధ్యాహ్నం రెండు నుంచి రెండుంబావు దాకా. ఎడమ పేజీలో కాకులు, గోరింకలు, కుక్కలు, పిల్లులు, ఇంకేం వస్తే అవి. కుడి పేజీలో ఆ పూట ఎందరు తిన్నారు, ఎంత అన్నం మిగిలింది, ఏం కూర. మెస్ లేని వైపు, లైబ్రరీ వెనకనో గ్రౌండు అంచునో, అదే పావుగంట అదే లెక్క. కొన్నాళ్లు విసుగొస్తుంది, అంకెలు అటూ ఇటూ కదలవు. సెలవులకు వారం ముందు, సెలవుల్లో ఊరికి పోని స్థానిక విద్యార్థిని ఒకరిని చూసుకుని, లేకపోతే వాచ్‌మన్‌నే అడిగి, పుస్తకం వాళ్ల చేతికిచ్చి వెళ్లాలి. తాళం పడిన మర్నాడు ఆ రెండు గంటల వేళ ఎడమ పేజీలో ఏ అంకె పడుతుందో ఇప్పటికి ఎవరికీ తెలియదు.